ఎలీషమ్మ నింపిన తట్ట

ఎలీషమ్మను మన్ను నింపే చోటు నుంచి తీసేసింది ఎవరో కాదు, నేనే. ఆమె గురించి చెప్పే అర్హత నాకెంత ఉందో గానీ, చెప్పకుండా ఉండలేను.

1946 ఎండాకాలం. మేడ్చల్ పక్కన ఒక చిన్న చెరువుకు కిందటి ఏడు వానల్లో గండి పడింది. జూన్‌లో మిరుగు వానలు దిగేలోగా పూడ్చకపోతే కింది పొలాలకు ఆ ఏడు కూడా నీళ్లుండవు. ఆ పనికి నన్ను ఓవర్సీరుగా వేశారు. నా పేరు మన్నాన్, ఊరు శామీర్‌పేట. కొత్త ఉద్యోగం, కొత్త టోపీ, ఒంటినిండా పొగరు.

మన్ను మోయడానికి అరవైమంది ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లను పోగుచేసింది ఎలీషమ్మే. చర్చి వెనక గుడిసెలో ఒంటరిగా ఉండేది, యాభై దాటిన మనిషి. మన్ను తవ్వే గుంత దగ్గర నిలబడి తట్టలు నింపి తలలకెత్తడం ఆమె పని. ఎత్తుతూ ఊరుకునేది కాదు. "పిల్లకు జరం తగ్గిందా? నీ అత్త కోపం సల్లారిందా?" అని ఒక్కొక్కరినీ అడిగేది. ఒకరి తట్ట కుప్పగా పోసేది, ఇంకొకరిది సగమే.

నాకది పచ్చి పక్షపాతంలా కనిపించింది. "అందరి తట్టలు అంచు దాకా నిండాలె. ముచ్చట్లు బంద్. రేపటి సంది నువ్వు మొయ్యి, నింపుడు గౌరయ్య జూస్తడు" అన్నాను.

ఆమె వాదించలేదు. "సరే సాబ్. గా బాలమణిని జర సూస్కో" అంది. ఎందుకని నేను అడగలేదు.

గుంత తవ్వే గౌరయ్య నోరు మెదపని మనిషి, కొలిచినట్టు నింపాడు. మూడో రోజు బాలమణి కట్ట ఎక్కుతూ కళ్లు తిరిగి పడింది. మూడో నెలట. ఇదివరకే రెండు కాన్పులు నిలవలేదట. ఆ సంగతి ఎలీషమ్మకు తప్ప పనిలో ఎవరికీ చెప్పుకోలేదు. కడుపు నిలిచింది, అదే అదృష్టం.

మర్నాడు ముప్పైమందే వచ్చారు. ఆ మర్నాడు ఇరవై. ఎవరూ తగాదా పడలేదు. ఒకరికి జ్వరమట, ఒకరికి నడుం నొప్పట. అవన్నీ ముందూ ఉన్నవే. ఎలీషమ్మ నింపితే తట్ట తేలిగ్గా ఉంటుందన్న ధైర్యంతో వచ్చేవాళ్లు, ఆ తక్కువను మిగతావాళ్లు మోసేవాళ్లు. ఈ మాత్రం నా బుర్రకెక్కేసరికి పడమట మబ్బులు పట్టాయి.

ఆదివారం చర్చి విడిచాక ఎలీషమ్మ ఇంటికి పోయాను. "గుంత కాడ మళ్ల నువ్వే నిలబడాలె అవ్వా."

"నేనొస్త బిడ్డా. వాళ్లను నువ్వే పోయి అడుగు. ముందుగాల బాలమణి ఇంటికి పో."

"ఆమె ఇల్లెక్కడ?"

ఆమె నన్ను వింతగా చూసింది. రోజూ హాజరు పుస్తకంలో అరవై పేర్లు పిలిచేవాణ్ని, ఒక్కరి గడప తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమే వెంట నడిచి పొద్దుగూకేదాకా ఇల్లిల్లూ చూపించింది. బాలమణి ముందు తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

సోమవారం బాలమణి తప్ప అందరూ వచ్చారు. శనివారానికి గండి మూరెడు మిగిలింది, చినుకులు మొదలయ్యాయి. నేనూ టోపీ తీసి, తలకు తువ్వాలు చుట్టి వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఎలీషమ్మ సగం తట్ట నింపి ఎత్తబోయింది.

"నిండుగ పొయ్యి అవ్వా, అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి. మీ ఇంటామె సాలేహా బీబీకి పురుడు కష్టమైందంట గద, మీ ఊరి మంత్రసాని జెప్పింది. నాలుగు రోజులాయె నువ్వు సక్కగ తినక."

ఆ సంగతి పనిలో నేనెవరికీ చెప్పలేదు. నా వెనక నిలబడ్డ సాలమ్మ తన తట్ట ముందుకు చాపి, "గా సగం నాకెయ్యి అవ్వా" అంది.

నేను అందరి ముందూ ఏడ్చేశాను. చీకటి పడకముందే గండి పూడింది.