ఆఖరున ఎవరు నడిపారు

ఆ తెల్ల కారు పలాసలో మా ఇంటికి వచ్చిన ఏడాదే నేను డ్రైవింగు నేర్చుకున్నాను. సెకండ్‌హ్యాండుదే. శ్రీకాకుళంలో ఓ షోరూం వాళ్ల దగ్గర కొన్నాం. మా ఆయన దాన్ని కన్నకూతురిలా చూసుకునేవారు. నన్నేమో ఆ కూతురికి వచ్చిన సవతి తల్లిలా చూసేవారు. నేను గేరు మార్చినప్పుడల్లా పక్కసీట్లోంచి "అమ్మా!" అని మూలిగేవారు. దసరాకి ఆయుధపూజ కూడా ఆయనే, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా, ఒక పూటంతా చేశారు.

నేను వజ్రపుకొత్తూరు వైపు ఓ బళ్లో తెలుగు పంతులమ్మని. రోజూ పూండి దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఆ ఆటోలో డ్రైవరు పక్కన సగం ఒళ్లు లోపల, సగం బయటా పెట్టుకుని పన్నెండేళ్లు తిరిగాక నాకు ఒకటే కోరిక మిగిలింది. స్టీరింగు వెనక ఒళ్లంతా లోపల పెట్టుకుని కూర్చోవాలి. మా ఆయన ఒప్పందం పెట్టారు. టెక్కలిలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు పెట్టే లైసెన్సు పరీక్ష పాసయితే కారు నాకు, స్కూటరు ఆయనకి. తప్పితే మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

పరీక్ష సోమవారం. శనివారం పొద్దున్న తాళం తిప్పితే కారు "టక్" అని ఊరుకుంది. మళ్లీ తిప్పాను. మళ్లీ "టక్".

షోరూం మెకానిక్కు ఆవేళ పలాసలోనే వేరే బండి చూడ్డానికి వచ్చాడని తెలిసి మా ఆయన పట్టుకొచ్చారు. అతను బోనెట్టయినా ఎత్తలేదు. రెండుసార్లు తాళం తిప్పి, రెండు టక్కులూ విని, నన్నూ కారు వెనక కట్టిన ఎల్ బోర్డునీ మార్చి మార్చి చూశాడు.

"ఆకర్న ఎవరు నడిపేరండి?"

"మా ఆవిడ నడిపింది," అన్నారు మా ఆయన. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏ ప్రశ్నకీ ఆయన అంత వేగంగా జవాబు చెప్పగా నేను వినలేదు.

"అయితే ఇంజను పట్టీసినట్టేనండి. నేర్సుకునీవోల సేతిలో పడితే ఇంతే. సోమారం లాక్కెల్లి విప్పాల."

దొంగని కాకపోయినా నేను భుజాలు తడుముకున్నాను. ముందురోజు సాయంత్రం రైల్వే గ్రౌండులో క్లచ్చు వదలడం రాక మూడుసార్లు బండి ఆపేసిన మాట నిజం. మా ఆయన ఎల్ బోర్డు విప్పి అటక మీద పడేశారు. తాళం చొక్కా జేబులో వేసుకుని, "పోన్లే, నీకు రాసిపెట్టి లేదు," అని ఓదార్చారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఓదార్పు విన్నాక ఒళ్లు మండింది.

అప్పుడే ఆయన కారులో, శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చుని, హారను నొక్కారు. వీధంతా ఉలిక్కిపడేలా అరిచే ఆ హారను పిల్లికూనలా మూలిగింది.

"ఇంజను పట్టేస్తే హారనుకేం రోగం?" అన్నాను.

"ఆళ్లు షోరూమోలు. నువ్వు తెలుగు పంతులమ్మవి," అన్నారు. ఆయనకి ఆవేశం వస్తే ఊరి మాట వచ్చేస్తుంది.

ఆదివారం ఆయన ఎవరిదో గృహప్రవేశానికి స్కూటరు మీద టెక్కలి వెళ్లారు. రెండో తాళం నా పోపుల డబ్బాలో ఉంది. ఆవాల్లోంచి తీసి, దులిపి, కారు దగ్గరికి వెళ్లాను. "టక్" అనిపిస్తుండగా తీరం నుంచి మాకు వారం వారం చేపలు తెచ్చే ఆవిడ గంప దింపింది.

"ఏటమ్మా, బండికి ఎక్కిల్లా?"

జరిగిందంతా చెప్పాను. హారను కూడా మూలిగిందనేసరికి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంజను సంగతి నాకు తెల్దు గానీ, ఓపాలి బేటరీ సూడు. తుపానుకి కరెంటు పోతే మావోలు టీవీకి బేటరీ కట్టీవోలు. ఉప్పుగాలికి ఆ బొడిపెల మీద బూజు పట్టీసీది, బొమ్మ ఆరిపోయీది. టీవీ పోనాది, అమ్మీదాం అనీవోడు మా మావ. నాను ఏన్నీల్లు పోసి గీకితే బొమ్మ వచ్చీసీది."

బోనెట్టు ఎత్తాం. బ్యాటరీ మీది రెండు బొడిపెలూ సున్నం కప్పుకుని ఉన్నాయి. స్కూటరు పానాతో వైర్ల బిగింపు విప్పాను. ఆవిడ వేణ్ణీళ్లు పోస్తుంటే నేను పాత చాకుతో గీకాను. తెల్లది పోయింది. దాని కింద పచ్చది వచ్చింది. వాసన చూశాను. పసుపు. దాని మధ్యలో చక్కగా, గుండ్రంగా, ఎర్రటి బొట్టు. రెండో బొడిపెకీ అంతే.

దసరానాడు నేను వంటింట్లో పులిహోర కలుపుతుంటే, "పైపైన బొట్లు పెడితే ఏం లాభం, ప్రాణం లోపలుంటాది," అంటూ మా ఆయన పానా పట్టుకెళ్లడం గుర్తొచ్చింది. ఆ తర్వాత కొబ్బరికాయ పగిలిన చప్పుడు. వైర్లు విప్పి, బొడిపెలకి పసుపూ కుంకుమా పెట్టి, మళ్లీ బిగించారన్నమాట. కొబ్బరితోటల ఉద్దానానికి అల్లుడు కదా, కాయలకి కరువా, కొబ్బరినీళ్లు కూడా అక్కడే ధారపోసి ఉంటారు.

"బాబుగోరు బేటరీకి పేరంటం సేసినారా?" అని ఆవిడ గంప పక్కన కూలబడి నవ్వింది.

తుడిచి, బిగించి, తాళం తిప్పాను. ఒక్క తిప్పుకి ఇంజను అందుకుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నేను పాడుచెయ్యలేదు. ఆ మాట ఆవిడతో రెండుసార్లు చెప్పాను, మూడోసారి కారుతో చెప్పాను.

సాయంత్రం మా ఆయన స్కూటరు దిగుతుంటే హారను నొక్కాను. వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. పరుగున వచ్చిన ఆయన చేతిలో, గీకినదంతా కట్టి దాచిన పొట్లం పెట్టాను. విప్పి చూశారు. వాసన చూశారు.

"పసుపు మంచిదే కదే," అన్నారు చివరికి.

కుర్చీ వేసుకుని అటక మీంచి ఎల్ బోర్డు తీసి, తుడిచి, ఆయనే కట్టారు.

సోమవారం టెక్కలి వెళ్లాం. పాసయ్యాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపు ఫోను మోగింది. షోరూం మెకానిక్కు. అతని గొంతు నా దాకా వినిపిస్తోంది. "బండి లాక్కెల్లడానికి మనుసుల్ని పంపమంటారా?"

"అక్కర్లేదు బాబూ. టెక్కలెల్లి వచ్చీసింది."

"ఇంజను పట్టీసిన బండి టెక్కలెలా ఎల్లిందండి? ఎవరు నడిపేరు?"

మా ఆయన నా వైపు చూశారు. జేబులోంచి తాళం తీసి నా బడి సంచీ మీద పెట్టారు.

"మా ఆవిడ నడిపింది," అన్నారు.