సన్యాసి మావ గుర్తుపట్టిన తుపాకీ

నిన్న మలేసియాలోని మా ఊరు బాగన్ దాతుక్‌లో మా మనవరాలు మోటార్‌సైకిల్ గొలుసుకు కిరసనాయిలు రాస్తుంటే, ఆ వాసనకు సన్యాసి మావ గుర్తొచ్చాడు. మా కొబ్బరి ఎస్టేటులో ఆయన ఫిట్టరు. నాకు చుట్టం కాడు. కూలీల లైన్ ఇళ్లలో అందరికీ మావే. అంతకుముందు పినాంగులో తుపాకులు బాగుచేసే దుకాణంలో పనిచేశాడట.

అవి మలయాలో తెల్లదొరలు కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులు. లైసెన్సు లేని తుపాకీ దొరికితే ఉరే. నేను ఎస్టేటు కాపలాదారుని. అడవిపందులను తోలడానికి ఇచ్చిన రెండు గొట్టాల పాత అమెరికా తుపాకీ నా చేతిలో ఉండేది. సముద్రపు గాలికి దాని మీది కంపెనీ పేరు, నంబరు తుప్పులో కలిసిపోయాయి. కొత్తగా వచ్చిన పోలీసు అధికారి, లైసెన్సులో రాసిన తుపాకీ ఇది కాదన్నాడు. అసలుదాన్ని అడవిలోని గెరిల్లాలకు ఇచ్చేశావా అని నన్ను స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. నాతో కలిసి తిన్నవాళ్లెవరూ అటు తొంగిచూడలేదు. పిలవకుండానే సన్యాసి మావ వచ్చాడు.

తూటాలు పెట్టే చోట తుపాకీని మడిచి, వేలితో తడిమి, నావైపు తిరిగాడు. "సూడ్రా, తుపాకులకి మడతకాడ అడ్డంగా సీల ఉంటాది. దీనికి సీల నేదు, గోళీనాగ గుండ్రటి మర ఉంది. అమెరికాలో ఇలాగ సేసిన కంపెనీ నానెరిగి ఒక్కటే." అంటూ పేరు చెప్పాడు. లైసెన్సులో ఉన్నదీ ఆ కంపెనీ పేరే. అదే మాట మలయ్‌లో అధికారికి చెప్పాడు. అధికారి స్టేషన్‌లో ఉన్న మరో రెండు గొట్టాల తుపాకీ తెప్పించి చూశాడు; దానికి సీల ఉంది. ఆ కంపెనీవాళ్లు నంబరును లోపల ఇంకెక్కడ కొడతారో కూడా మావకు తెలుసు. గొట్టాల కింది చెక్క ఊడదీసి, ఇనుము మీద సుద్ద రుద్దాడు. అంకెలు తెల్లగా పైకి తేలాయి. అధికారి లైసెన్సుతో రెండుసార్లు సరిచూసుకుని, నన్ను ఇంటికి పొమ్మన్నాడు.

దారిలో అడిగాను. "భయమెయ్యనేదా మావా?"

"ఎందుకెయ్యదు? గానీ, తెలిసినోణ్ణి నాను నోరు మూసుకుంటే నువ్వేటవుతావురా?"

మెర్డెకాకు, అంటే మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు, రెండు నెలల ముందు జ్వరంతో పోయాడు మావ. మెర్డెకా రోజు మైదానంలో జనమంతా కేకలు వేస్తుంటే, ఆయన ఒక్కడూ లేడని నేను ఇంటికి తిరిగొచ్చేశాను.

తరువాతి ఏళ్లలో జనన పత్రాలు లేని మా ఎస్టేటువాళ్లు ఎందరికో పౌరసత్వం దొరకడం కష్టమైంది. వాళ్ల వెంట ఆఫీసుకు వెళ్లి, "ఈమె ఇక్కడే పుట్టింది, నాకు తెలుసు" అని సాక్ష్యం చెప్పేవాణ్ణి. అధికారి బల్ల ముందు నిలబడ్డ ప్రతిసారీ భయమే. బయటికొచ్చాక, ఆ భయం సంగతి చెప్పుకోవడానికి మావ ఉంటే బాగుండుననిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.