సింహాచలం మాస్టారి కిటికీ అట్ట

శనివారం ఉదయం పుస్తకాలకు అతుకులేసే పని ఉంటుంది నాకు. కలకత్తా సాల్ట్ లేక్‌లో మేముండే ఫ్లాట్ల వెనక ఒక క్లబ్బు గది ఉంది. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలకు వారానికో రోజు అక్కడ చదవడం నేర్పుతుంటాను. పిల్లల చేతుల్లో పడ్డ పుస్తకం చిరగక మానదు. ట్యూబుల్లో అమ్మే గమ్ము కిందికి దిగితే దొరుకుతుంది గానీ, నాకు మాత్రం మైదాపిండి జిగురే కావాలి. గిన్నెలో మైదా ఉడికి చిక్కబడేటప్పుడు పచ్చిదనం పోయీపోని వాసన ఒకటి వస్తుంది. అది ముక్కుకు తగిలిందంటే నేను ఎనిమిదేళ్ల దాన్నయిపోయి హౌరా దగ్గరి టికియాపారా రైల్వే క్వార్టర్ల వరండాలో కూర్చుని ఉంటాను. మొన్న అలా జిగురు కలుపుతుంటే రుంపా అనే పిల్ల పక్కన కూర్చుని బెంగాలీ వాచకం గడగడా చదివేస్తోంది. ఎక్కడా తప్పు లేదు, తడబాటు లేదు. తలెత్తి చూస్తే దాని కళ్లు సీలింగ్ ఫ్యాను మీదున్నాయి. నెమ్మదిగా చెయ్యి చాపి ఒకేసారి రెండు పేజీలు తిప్పేశాను. రుంపా ఆగలేదు, పాత పేజీనే అప్పజెబుతూ పోయింది. నాకు నవ్వు రాలేదు. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు ఈ ఊళ్లో ఉండరు. దానివల్ల ఏం జరుగుతుందో కూడా నాకు బాగా తెలుసు.

నాకు చదవడం నేర్పింది సింహాచలం మాస్టారు. మాస్టారు అనడమే గానీ ఆయన ఏ బడిలోనూ పని చెయ్యలేదు. షాలిమార్ గూడ్సు యార్డులో మార్కరు. ఏ వ్యాగను ఏ ఊరికి పోవాలో అట్టముక్క మీద రాసి దానికి అంటించడం ఆయన ఉద్యోగం. పొట్టి మనిషి. ఎంత రుద్ది కడిగినా గోళ్లలో మసి, వేళ్ల మీద ఎండిన మైదా జిగురు ఉండేవి. సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, వరండాలో చాప పరిచేవారు. పన్నెండు మంది పిల్లలం చేరేవాళ్లం. అప్పటికి ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి ఐదారేళ్లయింది. వీధి చివర మైకులో ఉపన్యాసం సాగుతుండగా కరెంటు పోయేది, మైకు గొంతు మూగబోయేది, మాస్టారు లాంతరు వెలిగించి ఆపిన చోటనుంచే పాఠం అందుకునేవారు. బడిలో మాకు బెంగాలీయే. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. రైల్వే కూలిపని చేసే కళాసీల పిల్లలకు తెలుగు అక్షరాలెందుకని మా నాన్నే ఒకసారి అడిగాడు. మాస్టారు లాంతరు వత్తి సర్దుతూ, "ఊర్నించి ఉత్తరమొస్తే మీరంతా నా కాడికి పట్టుకొస్తారు. మీ ఇంట్లో ఎవులు పోయారో మీకన్నా ముందు నాకు తెలుస్తాది. అదేటి బాగుంటాదేటి? మీ ఉత్తరం మీ పిల్లలే సదవాల," అన్నారు.

అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టారు. చదవగలరనిపించిన రోజున ఆ పిల్ల తల్లినో తండ్రినో పిలిపించి "వొచ్చింది" అనేవారు. అంతే, ఆ ఒక్క మాట. ఆ సాయంత్రం ఆ ఇంటివాళ్లు క్వార్టర్ల వరుసలో అందరికీ బెల్లం, వేయించిన శనగలు పంచేవాళ్లు. ఆ రోజునుంచి ఆ ఇంటి ఉత్తరాలు ఆయన ముట్టుకునేవారు కాదు. జవాబు మటుకు రాసిపెట్టేవారు, ఎందుకంటే రాయడం మాకు ఇంకా చేతకాదు. ఇప్పుడు నాలాంటి వాళ్లం పరీక్షలనీ స్థాయిలనీ ఏవేవో కాగితాలు నింపుతుంటాం గానీ, ఆ "వొచ్చింది"కి ఉన్న విలువ వాటిలో దేనికీ లేదు.

నా విషయంలో ఆయన పొరబడ్డారు. అసలు పొరపాటు నాది. చేరిన రెండో నెలలో నాకు అమ్మవారు పోసి నెల్లాళ్లు ఇంట్లో పడుకోబెట్టారు. తిరిగొచ్చేసరికి మిగతావాళ్లు గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వెళ్లిపోయారు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. చాప మీద నా చోటు అందరికన్నా చివర. నలుగురికి ఒక పుస్తకం. నా వంతు వచ్చేసరికి ఆ పాఠం పదకొండుసార్లు వినేదాన్ని. నా చెవులు ఎలాంటివంటే, పదకొండుసార్లు కాదు, మూడుసార్లు వింటే చాలు. పేజీ ఎప్పుడు తిప్పాలో కూడా పక్కపిల్ల చేతిని చూసి తెలుసుకునేదాన్ని. ఒకరోజు మాస్టారు మా అమ్మను పిలిపించి "గౌరికి వొచ్చింది నర్సమ్మా" అనేశారు. అమ్మ ఆ రోజు పంచినన్ని శనగలు మా వరుసలో ఎవరూ పంచి ఉండరు. పైగా మాస్టారి చేత ఊరికి ఉత్తరం రాయించింది, మీ మనవరాలికి చదువొచ్చిందని. శనగలు నములుతూ నేనూ సంతోషించాను. ఎంత సిగ్గులేని పిల్లనో చూడండి.

అమ్మ పుట్టిల్లు పలాస దగ్గర. పెళ్లయి హౌరా వచ్చాక అమ్మ అక్కడికి వెళ్లింది రెండేసార్లు. కోపం వచ్చినప్పుడల్లా "కన్నతల్లే నన్ను తెచ్చి ఈ రైలు పొగలో పారేసింది" అనేది. శనగలు పంచిన నెలలోపే మావయ్య దగ్గరనుంచి నీలం రంగు ఇన్‌లాండ్ కవరు వచ్చింది. అమ్మ తడిచేతులు తుడుచుకుని, గుమ్మంలో వెలుతురు చూసి నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుంది. మా ఇంట్లో మా ఉత్తరం మేమే చదువుకోవడం అదే మొదటిసారి.

నేను చదివాను. "బావగారికి, అక్కకు నమస్కారములు. ఇక్కడ మేమందరము క్షేమము. అక్కడ మీరందరు క్షేమమని తలుస్తాను." మాస్టారి వరండాలో ఎన్ని ఉత్తరాలు విని ఉంటాను. అన్నీ అలాగే మొదలవుతాయి. కాగితం మీద చూపు నిలిపి, మధ్యమధ్య ఆగుతూ, చాలా నమ్మకంగా అప్పజెప్పాను.

"ఇంకేటి రాసాడే?" అంది అమ్మ.

"వానలు బాగా పడ్డాయంట. ఆవు ఈనిందంట."

"పెయ్యా, కోడెదూడా?"

"పెయ్య," అన్నాను.

అమ్మ ముఖం వికసించింది. ఆ కవరును బియ్యం డబ్బా మీద పెట్టి, ఆ పూట పనంతా పాట పాడుకుంటూ చేసింది.

నాలుగు రోజుల తర్వాత ఆదివారం, జవాబు రాయించడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఉత్తరం చూడనని ఆయన, ఆవు ఈనిందట ఆ సంగతి అడగమని అమ్మ. "ఆలేటడిగేరో ఒకపాలి సూసుకుంటే గాని జవాబెలా రాస్తాను, ఇలా తే," అని చివరికి తీసుకున్నారు. ఆయన మనసులో చదువుకునేటప్పుడు పెదాలు కదిలేవి. ఆ పెదాలు ఉత్తరం చివరిదాకా కదలడం, ఆ తర్వాత ఆగిపోవడం నేను చూశాను. ఆయన నావైపు చూడలేదు. ఉత్తరం పైకి చదివారు. మొదటి మూడు వాక్యాలు అచ్చం నేను చెప్పినవే. ఒంట్లో బాగులేకపోయినా, ఇల్లు మునిగిపోతున్నా, మావాళ్లు ముందు క్షేమమనే రాస్తారు. నాలుగో వాక్యం నుంచి ఇలా ఉంది. "వ్రాయునది ఏమనగా, పది దినముల నుండి అమ్మకు ఒంట్లో బాగులేదు. అన్నము ముట్టుట లేదు. నిన్ను చూడాలని అంటున్నది. ఈ ఉత్తరము అందిన వెంటనే బయలుదేరి రావలెను." అక్కడ ఆపి ఆయన కవరు మడిచేశారు.

అమ్మ నావైపు తిరిగింది. కొట్టినా బాగుండేది. "మరి ఆవేటి?" అంది, ఇంకా అర్థంకానట్టు.

"తప్పు దీంది కాదు నర్సమ్మా," అన్నారు మాస్టారు. "వొచ్చిందని సెప్పినోణ్ని నాను. ఈ గుంట సెవుల్తో సదివిందో కళ్లతో సదివిందో నాను సూసుకోలేదు. నన్ను తిట్టు. ముందు బండెక్కు."

అమ్మ ఎవరినీ తిట్టలేదు. మధ్యాహ్నం బండికి నాన్న తీసుకెళ్లి ఎక్కించాడు. నేను వెంట వెళ్తానని అడగలేదు, అడిగే ముఖం లేదు. సాయంత్రం మాస్టారి వరండాలో ఓ మూల ముడుచుకుని ఏడుస్తుంటే ఆయన పిల్లలందరినీ పంపేసి నా దగ్గరికి వచ్చారు. ఆ ఉత్తరం ఆయన దగ్గరే ఉండిపోయింది. "ఇందులో ఇంకా ఉంది," అన్నారు. "మీ అమ్మకి నాను సదివింది సగమే. తిరిగొచ్చేక మిగతాది నువ్వు సదవాల."

"ఏముంది మాస్టారండీ అందులో?"

"నీకు సదువొస్తే నీకే తెలుస్తాది. ఏడుపాపు. కన్నీల్లు పడితే అచ్చరాలు అలుక్కుపోతాయి."

మర్నాడు ఆయన యార్డునుంచి పాడైన లేబుల్ అట్టలు కొన్ని తెచ్చారు. ఒకదాని మధ్యలో బ్లేడుతో చిన్న కిటికీ కోశారు, ఒక్క మాట కనబడేంత. ఆ అట్టను పుస్తకం మీద ఎక్కడ పడితే అక్కడ పెట్టేవారు, పేజీ చివరన, మధ్యన, వెనకనుంచి ముందుకు. "ఇదేటి?" అనేవారు. ముందు మాట లేదు, వెనక మాట లేదు, ఊహించడానికి దారి లేదు. ఆధారం కోసం ఆయన ముఖంలోకి చూస్తే ముఖం గోడవైపు తిప్పుకునేవారు. మొదటి రోజుల్లో ఒక్క మాట చదవడానికి చెమటలు పట్టేవి. నాకన్నా చిన్నపిల్లలు చూసి కిసుక్కున నవ్వేవాళ్లు. ఆయన వాళ్లనేమీ అనలేదు, నన్నూ ఏమీ అనలేదు. "బండి మీద లేబుల్ సగం సదివి మిగతాది అనుకుంటే, బియ్యం పోవాల్సిన ఊరికి బొగ్గెల్తాది," అని మాత్రం ఒకసారి అన్నారు. రెండోవారంలో ఓ సాయంత్రం కిటికీలో "కొబ్బరిచిప్ప" కనబడింది. ఎవరి నోటా వినని మాటను, కేవలం చూసి, చదివాను. ఆయన మెచ్చుకోలేదు. అట్టను పక్కమాట మీదికి జరిపారు. నా జీవితంలో అంతకన్నా పెద్ద మెప్పు నాకెవరూ ఇవ్వలేదు.

అమ్మ ఇరవై రెండో రోజున తిరిగొచ్చింది. అమ్మమ్మ పోయింది. అమ్మ వెళ్లేసరికి ప్రాణం ఉంది గానీ, అంతకు రెండురోజుల ముందే మాట పడిపోయిందట. "నన్ను సూసి పెదాలు కదిపింది. ఏటి సెప్పాలనుకుందో, అలాగే ఎలిపోయింది," అని అమ్మ పక్కింటావిడకు చెబుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. నాలుగు రోజులు ముందు బయలుదేరి ఉంటే ఆ మాట వినేది. ఆ లెక్క వెయ్యడానికి ఎనిమిదేళ్లు చాలు. ఆ లెక్క నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ ఆదివారం మాస్టారు మా గుమ్మంలోకి వచ్చారు. ఎవరింటికీ వెళ్లే మనిషి కాదు. నా చేతికి ఉత్తరం, కిటికీ అట్ట ఇచ్చారు. అమ్మ కూర్చోమంది. "మీ ఉత్తరం మీరు సదువుకోండి," అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

వేలు పెట్టి మొదలుపెట్టాను. మేమందరము క్షేమము అనేసరికి అమ్మ దవడ బిగుసుకుంది. ఆగకుండా పోయాను. రావలెను దాటాక, ఎవరూ చదివి వినిపించని చోట నా వేలు నిలబడిపోయింది. అట్ట పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. "అమ్మ చెప్పమన్న మాటలు వ్రాస్తున్నాను. నర్సీ, పాపకి సదువొచ్చిందంట గదా. ఇది దాని సేతే సదివించుకో. నిన్ను అంత దూరమిచ్చినానని నా మీద కోపమెట్టుకోకు. ఆ పిల్లోడు నిన్ను బాగా సూసుకుంటాడని ఇచ్చినాను, దూరం నాకు తెలీలేదు. రాలేకపోతే ఏడవకు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కదలకుండా కూర్చుంది. కొంగు తీసి "మల్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. "ఇంకోపాలి" అంది. రైలు పొగ మాట ఆ తర్వాత అమ్మ నోట నేను వినలేదు.

ఆ మాటలు అమ్మ బండెక్కే ముందే వినిపించాల్సిందేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఒకసారి ఆయన్నే అడిగాను, నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఆయన రిటైరై మోకాళ్ల నొప్పులతో ఉన్నప్పుడు. "దాని సేతే సదివించుకో అంది గదా ఆ ముసల్ది. నానెలా సదువుతాను?" అన్నారు. మోకాలు రాసుకుంటూ, "తప్పేనేమో. నాకూ తెలీదు," అన్నారు. మరి ఇప్పుడైనా నాకు వొచ్చిందంటారా అని నవ్వుతూ అడిగితే, "ఇంకా సదువుతున్నావు గదా, తొందరేటి?" అన్నారు. నా విషయంలో ఆ మాట ఆయన మళ్లీ అనకుండానే పోయారు.

రుంపా కోసం మొన్న పాత పెళ్లిపత్రిక ఒకటి తీసి దాని మధ్యలో కిటికీ కోశాను. పిల్ల చెమటలు కక్కుతూ నా ముఖంలోకి చూసింది. నేను గోడవైపు తిరిగాను. ఆ అసలు అట్ట ఇంట్లో ఉంది, మడతల దగ్గర చిరిగి మైదాతో అతికించిన నీలం ఉత్తరంలో. అమ్మ నా దగ్గరే ఉంటోంది. అమ్మమ్మ పోయిన రోజున ప్రతి ఏడూ "సదవే" అంటుంది. ఆ ఉత్తరం నాకు పొల్లు పోకుండా కంఠతా వచ్చు, కళ్లు మూసుకుని చెప్పగలను. చెప్పను. కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురు చూసి కూర్చుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతాను.