తెల్ల కుర్తాకి పసుపు బొట్టు

ముంబైలో ఫ్యాషన్ కోర్సు చదివే రోజుల్లో, ఉప్పాడ నేత చూద్దామని రాజమండ్రిలో కాకినాడ ప్యాసింజర్ ఎక్కాను. నేనే డిజైన్ చేసి కుట్టిన తెల్ల కుర్తా వేసుకున్నాను. ఆ ఏడాదంతా మచ్చలేని తెలుపే ట్రెండు.

కోరుకొండ గుడి నుంచి వస్తున్న పెద్దావిడ నా పక్కన కూర్చుని కుర్తా అంచు పట్టుకుని చూశారు.

"కొత్తదా అమ్మా? పసుపు పెట్టలేదేంటి?"

"తెలుపు కదండీ, పాడైపోతుంది. మా మేడంకి చూపించాలి."

"మూలన చిన్న బొట్టేనమ్మా," అంటూనే ఆవిడ గుడి పొట్లం విప్పి, కింది అంచున పసుపు రాసేశారు. నేను అంచు లాక్కునేలోపే మరక పడిపోయింది.

"ఇప్పుడు బాగుంది. హాయిగా చిరిగేదాకా తొడుక్కో," అన్నారు.

మేడం ఆ మరకకి మార్కులు తగ్గించింది. మరుసటి ఏడాదికి తెలుపు ఫ్యాషనూ పోయింది. కుర్తా మాత్రం చిరిగేదాకా తొడుక్కున్నాను.