పాప నా దగ్గరే ఉందమ్మా

నా కూతురి మీద ఒట్టు వేయమనకండి. జరిగింది దానికే, వేయలేను. నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగి వెళ్ళండి. ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

మాది న్యూజెర్సీలో చిన్న సబర్బ్. ఐసెలిన్‌కి దగ్గరే. రైలు స్టేషన్ దగ్గర్లోనే ఉంది, న్యూయార్క్ ఆఫీస్‌కి సులువని ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాం. టౌన్‌హోమ్‌లన్నీ ఒకే అచ్చు. సగానికి సగం మన తెలుగువాళ్ళే. అదే మా ధైర్యం.

ఇక్కడ ఏటా చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, నవంబర్‌లో ఆ వారం. సాయంత్రం ఐదింటికే చిమ్మచీకటి. మా ఆయన ఊళ్ళో లేడు. నేను ఆఫీస్ నుంచి వస్తుంటే రైలు ఆగిపోయింది. స్టేషన్ కాదు... ఏదో బురదనేల మధ్యలో.

ఏడేళ్ళ మా చిన్నిని, స్కూల్ అయ్యాక పిల్లల్ని చూసుకునే ఆఫ్టర్‌కేర్ వాళ్ళ వ్యాన్ వీధి చివర మెయిల్‌బాక్సుల దగ్గర దించుతుంది. నేను వెళ్ళి తెచ్చుకోవాలి. వ్యాన్ వచ్చే వేళ దాటిపోతోంది. పక్కింటి లత అక్కకి ఫోన్ చేశాను... ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

అప్పుడు నా ఫోన్ మోగింది. నంబర్ పడలేదు. ఎవరో పెద్దావిడ గొంతు.

"పాప నా దగ్గరే ఉందమ్మా. నువ్వు నిదానంగా రా."

"థాంక్స్ ఆంటీ, ట్రెయిన్ ఆగిపోయిందండీ" అన్నాను. పెట్టేసింది.

ఎవరని అడగలేదు. మీరైనా అడగరు. నా నంబర్ చిన్నికి నోటికి వచ్చు, చెప్పి ఉంటుంది. తెలుగులో 'అమ్మా' అని పిలిస్తే మనకి చాలు. ఎవరి అత్తగారో విజిటర్ వీసా మీద వచ్చి ఉంటారు, వాకింగ్‌కి వెళ్ళి పాపని చూసి ఉంటారు అనుకున్నాను. హాయిగా కళ్ళు మూసుకున్నాను కూడా. నా తెలివి తగలెయ్య.

స్టేషన్‌లో దిగి, కార్ తీసి, నేరుగా లత అక్క ఇంటికి వెళ్ళి, పాప మీ అత్తగారి దగ్గరుందా అని అడిగాను.

"మా అత్తమ్మ లాస్ట్ మంతే హైదరాబాద్ పోయింది గదా స్వాతీ. నేనిప్పుడే డెంటిస్ట్ దగ్గర్నుంచి వచ్చిన. పాప ఇక్కడ లేదు" అంది.

పరుగెత్తాను. మా వంటగదిలో లైటు వెలుగుతోంది. తలుపు తాళం వేసే ఉంది. తీశాను.

చిన్ని టేబుల్ దగ్గర బొమ్మ వేసుకుంటోంది. గట్టిగా హత్తుకున్నాను. కొబ్బరినూనె వాసన... మా ఇంట్లో కొబ్బరినూనె లేదు. ఎప్పుడూ విరబోసుకుని తిరిగే పిల్లకి రెండు జడలు. బిగించి, పైకి మడిచి కట్టిన జడలు.

"నిన్నెవరు తెచ్చారమ్మా?"

"ఆంటీ."

"ఏ ఆంటీ?"

"ఆంటీ, మమ్మీ. గరాజ్ డోర్ కోడ్ నేనే కొట్టాను. జడ వేసింది. ఇట్ డిడ్‌న్ట్ హర్ట్."

అప్పుడు వినిపించింది.

టక్.

రైస్ కుక్కర్... మీట వార్మ్‌లోకి పడిన చప్పుడు. అన్నం అప్పుడే ఉడికింది. మూత సందులోంచి ఆవిరి వస్తోంది. అంటే బియ్యం కడిగి పెట్టిన మనిషి వెళ్ళి ఎంతోసేపు కాలేదు.

అసలు వెళ్ళిందా?

"ఆంటీ ఏది?" అన్నాను.

చిన్ని పెన్సిల్ ఎత్తి మెట్ల వైపు చూపించింది. "పైన."

మెట్లన్నీ చీకటి. పైన బాత్రూమ్‌లో నీళ్ళు పడుతున్నాయి... సన్నగా. ఎవరో కుళాయి కట్టేశారు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పిల్లని చంకనేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను.

తలుపు మీదా గరాజ్ మీదా కన్ను వేసి రోడ్డు మీదే నిలబడ్డాను, ఎవరూ బయటికి రాలేదు. పోలీసులు వచ్చారు. గది గదీ వెతికారు. ఎవరూ లేరు. కిటికీల గడియలు, వెనక తలుపు గడియ వేసినవి వేసినట్టే ఉన్నాయి. చీర కట్టుకున్న ఒకావిడ చెయ్యి ఊపిందని, పాప వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుందని వ్యాన్ డ్రైవర్ చెప్పాడు.

మతి తప్పిన పెద్దావిడెవరో అయ్యుంటుందని లత అక్క ఇప్పటికీ అంటుంది. కావచ్చు. ఆవిడ బయటికెలా వెళ్ళిందంటే మాత్రం మాట మార్చేస్తుంది. నాకూ తెలియదు.

ఆ రాత్రి లత అక్క ఇంట్లోనే పడుకున్నాం. జడలు విప్పబోతే చిన్ని ఒప్పుకోలేదు. నిద్రమత్తులో నా వైపు తిరిగింది.

"మమ్మీ, రేపు కూడా నీ ట్రెయిన్ లేట్ అవుతుందా అని ఆంటీ అడిగింది."

"నువ్వేం చెప్పావ్?"

"అవుతుంది, నువ్వే రా అని చెప్పాను."