ఎర్ర గుంజ దాటితే ‘నువ్వు’

కాసియన్‌కు ఉన్నది ఒకటే పిచ్చి: వెయ్యి మీటర్ల ఎత్తుకు దిగువన దొంగనైనా ‘మీరు’ అంటాడు, ఎగువన బిషప్పునైనా ‘నువ్వు’ అంటాడు. వెయ్యి దాటాక మన్ననలు అక్కర్లేదన్నది ఆస్ట్రియాలోని మా టిరోల్ కొండల్లో పాత ఆనవాయితీయే. కాకపోతే మిగతావాళ్లం ఉజ్జాయింపుగా పాటిస్తాం. కాసియన్ మాత్రం స్కీలు తొడిగినవాళ్లను కొండెక్కించే లిఫ్టు పై చివర, సరిగ్గా వెయ్యో మీటరు దగ్గర, ఎర్ర రంగు గుంజ పాతాడు.

స్టైన్‌లేన్ ఊళ్లో ఉన్న ఒక్క లిఫ్టునూ నడిపేది, స్కీయింగ్ నేర్పేది, చెల్లెలు ఫిలొమేనాతో కలిసి సత్రం చూసుకునేది అతనే. సత్రంలో మేయరుకు వంగి వంగి వడ్డిస్తాడు. “మేయర్ గారూ, రొట్టె ఉండల సూప్ ఇంకొంచెం వెయ్యమంటారా?” అదే మేయరు గుంజకు పైన కనబడితే, “మోకాళ్లు వంచరా మొద్దూ! వంగితే పదవి ఊడదులే!” అని కేకలు. మేయరు జారుతూ గుంజ దాటాడంటే మాట మధ్యలోనే మర్యాద వచ్చేస్తుంది. “ఒరేయ్, పక్కకి తిరగరా, చెట్టు, చెట్టు... గుద్దుకున్నారా సార్? దెబ్బ తగిలిందాండీ?”

సొంత చెల్లెలికీ మినహాయింపు లేదు. “ఫిలొమేనా గారూ, తమరు ఉప్పు మరిచినట్టున్నారు.”

“పైకి రా, చెప్తాను నీ సంగతి,” అంటుందామె గరిటె ఊపుతూ.

మా అమ్మాయి ఫీనాకు అప్పుడు అయిదేళ్లు. అంతకుముందు చలికాలం పక్క లోయలోని పెద్ద ఊళ్లో, జాతరలాంటి జనంలో ఎవరో గుద్దితే బోర్లా పడింది. చుట్టూ నవ్వులు. అప్పటినుంచి స్కీలను మంచం కిందికి తోసి, అవి బయటికి రాకుండా బొమ్మల్ని కాపలా పెట్టింది. మా దగ్గర మంచు మీద జారని పిల్లకు చలికాలమంతా కిటికీయే లోకం. మా ఆయన “ఇంకో ఏడాది ఆగుదాం” అన్నాడు. ఆగితే ఆ భయం గట్టిపడిపోతుందని నా భయం. చూసేవాళ్లూ నవ్వేవాళ్లూ లేని ఊరు కావాలని పటం ముందేసుకుని వెతికి, అందులో చీమ తలంత ఉన్న స్టైన్‌లేన్‌ను పట్టుకున్నాను.

అక్కడి లిఫ్టు నంబరుకు ఫోన్ చేస్తే, “చెప్పు పిల్లా,” అందో బొంగురు గొంతు.

“మీరెవరండీ, నన్ను పట్టుకుని పిల్లా అంటారు?”

“నేను గుంజ పైనున్నా. నువ్వు కిందున్నావు. నేను నిన్ను నువ్వంటా, నువ్వు నన్ను మీరనాలి. ఏం కావాలి?”

“మీ ఊరు ప్రశాంతంగా ఉంటుందా?”

“ఫిలొమేనా నిద్రపోతే ఉంటుంది.”

వెళ్లాం. స్కీలు తొడగగానే ఫీనా సత్రం వెనక మంచులో చతికిలబడింది. లేవనంది. కాసియన్ పక్కనే కూర్చున్నాడు.

“ఫీనా గారూ, పైన ఆ ఎర్ర గుంజ కనబడుతోందాండీ? అది దాటితే ఎవరినైనా నువ్వనొచ్చు.”

తనను ఎవరైనా ‘గారూ’ అనడం అదే మొదలు. ఏడుపు ఆపి అడిగింది. “మా టీచర్ని?”

“అనొచ్చండీ.”

“మేయర్ని?”

“ఒరేయ్ అన్నా ఏమనరండీ.”

ఫీనా గుంజవైపు చాలాసేపు చూసింది. “దూరం,” అంది చివరికి, బెంగగా.

మర్నాడు పొద్దున చూద్దునుకదా, గుంజ సత్రం కట్టెల కొట్టు పక్కన నిలబడి ఉంది! చదివిన చదువు ఊరుకోనిస్తుందా? ఎత్తు చూపే మీటరు జేబులోంచి తీశాను. “కాసియన్ గారూ, ఇక్కడ ఎనిమిది వందల అరవయ్యేనండీ.”

“కొండ పెరిగిందండీ.”

“ఆల్ప్స్ ఏడాదికి మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయండీ!”

“రాత్రి కాస్త తొందరపడిందండీ.”

ఫిలొమేనా నా కోటు అంచు పట్టుకుని లాగింది. “ఆ మీటరు లోపల పెట్టమ్మా. జడిసిన పిల్ల వచ్చినప్పుడల్లా ఈ కొండ పెరుగుతూనే ఉంటుంది. ఇప్పటి మేయరు చిన్నప్పుడైతే పందుల దొడ్డిదాకా పెరిగింది.”

మీటరు లోపల పెట్టాను. ఫీనా అప్పటికే పీతలా అడ్డంగా అడుగులేస్తూ ఎక్కుతోంది. ఒకసారి పడింది. చుట్టూ చూసింది. నవ్వేవాళ్లు లేరు. లేచి, గుంజ దాటి, గుండెల నిండా గాలి పీల్చి అరిచింది.

“ఒరేయ్ కాసియన్! అడ్డు తప్పుకోరా, వస్తున్నా!”

కాసియన్ తప్పుకున్నాడు. జర్రున జారి, గుంజ దాటి, అతని కాళ్ల దగ్గర మంచులో కూలబడి, టోపీ సర్దుకుంటూ అడిగింది. “మీరు చూశారాండీ?”

“చూశానండీ, ఫీనా గారూ.”

ఆ వారమంతా కొండ రోజూ ఇంత చొప్పున కుంగింది. గుంజ కొట్టు దాటింది, కంచె దాటింది. చివరిరోజున లిఫ్టు చివర తన పాతచోట నిలబడింది. నా కూతురు నన్ను పట్టించుకోకుండా జారిపోతుంటే, నేను గుంజకు కాస్త పైన నిలబడి మీటరు తీశాను. సరిగ్గా వెయ్యిన్నొకటి.

“కొండ మళ్లీ మామూలు ఎత్తుకి కుంగిపోయిందండీ, కాసియన్ గారూ,” అన్నాను.

“అండీ ఏంటి పిల్లా, చదువుకున్నదానివి? గుంజ దాటావుగా!”

మీటరు వంక చూశాను. కాదనడానికి లేదు.

“కుంగిందిరా కాసియన్,” అన్నాను. “బాగా కుంగింది.”