మొక్కు అని చెప్పి వేసుకున్న తలుపు

ముందుగా చెప్పాల్సింది మా అత్త మోకాళ్ల సంగతి. రెండేళ్లుగా అవి అరిగిపోయి ఉన్నాయి. నంద్యాల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎత్తులు ఎక్కొద్దనీ, నేల మీద బాసిపట్లు వేసుకొని కూర్చోవద్దనీ చెప్పినప్పుడు పక్కన ఉన్నది నేనే. మందుల చీటీ కూడా నా బ్యాగులోనే పెట్టుకున్నాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. పగలు రాస్తే ఎవరో ఒకరు ఏం రాస్తున్నావని అడుగుతారు, దానికీ నేను ఏదో ఒకటి కల్పించి చెబుతాను.

మొన్నటి వేసవి దాకా మేం నంద్యాలలో ఉండేవాళ్లం. రెండు గదుల అద్దె ఇల్లు. నేను ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన పనిచేసే విత్తనాల కంపెనీ నంద్యాల ఆఫీసు ఎత్తేసి ఆయన్ని హోసూరుకు పంపింది. అక్కడ ఇల్లు కుదిరేదాకా అని నేనూ, రెండేళ్ల పాపా ఆళ్లగడ్డలో అత్తగారింటికి వచ్చాం. వచ్చిన వారానికే నాకు గుండె దడ మొదలైంది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. పడుకునేదాన్ని, మళ్లీ లేచి చూసేదాన్ని. నంద్యాలలో నాకు యోగా నేర్పిన మేడమ్‌కు ఫోన్ చేశాను.

"ఊరు మారింది, ఇల్లు మారింది. నీకు మారనిది ఒకటి కావాలి" అందామె. "రోజూ ఒకే వేళకు, ఒకే చోట, గంటసేపు. నలభై రోజులు వదలొద్దు."

వేళ దొరికింది గానీ చోటు దొరకలేదు. మా అత్తగారింట్లో తెల్లారితే ప్రతి తలుపూ బార్లా తెరవాల్సిందే. మూసి ఉందంటే ఎవరికో ఒళ్లు బాగాలేదని అర్థం. మొదటి రోజు చాప పరుచుకొని కాళ్లు పైకెత్తానో లేదో, మజ్జిగ కోసం వచ్చిన పక్కింటి పెద్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏందమ్మే, నడుం పట్టుకునిందా?"

"లేదు పెద్దమ్మా, యోగా."

"పనైపోయినంక చేసేదా, పని ల్యాక చేసేదా అది?"

వంటింట్లోంచి మా అత్త నవ్వింది. "టీచరమ్మ గదా, ఏదో ఒకటి నేర్చుకుంటాంటాది లే."

రెండో రోజు మా మామ రుద్రవరం దగ్గర చేనికి పోతూ పురుగుమందు డబ్బాల కోసం గదిలోకి వచ్చాడు. మూడో రోజు కళ్లు మూసుకోగానే పాప ఒళ్లోకి ఎక్కింది. నాకు మనసు బాగాలేదు, రోజూ గంటసేపు తలుపు వేసుకుంటాను అని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఈ ఇంట్లో నీకేం తక్కువైందని అడుగుతారేమోనని భయం. ఎవరూ అడగలేదు. అడగకముందే నేను భయపడ్డాను. నాలుగో రోజు మా అత్త పాలు కాస్తుంటే పక్కన నిలబడి, "మొక్కుకున్నానత్తా" అన్నాను. "మండలం దీక్ష. పొద్దున గంటసేపు తలుపేసుకొని కూర్చోవాల."

"ఎవురికి?"

"అహోబిలం నరసింహస్వామికి."

"యాలా?"

ఎందుకన్నది ఆలోచించి పెట్టుకోలేదు. "మేం ముగ్గురం మళ్లీ ఒకచోట ఉండాలని."

మా అత్త పొయ్యి తగ్గించి నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో అంత ఆప్యాయత ఉంటుందని నేను అనుకోలేదు. "ముందే జెప్పకూడదా, మ్మే" అంది.

మర్నాడు లేచేసరికి గది కడిగి, గడప ముందు ముగ్గు వేసి ఉంది. కొత్త చాప తెప్పించింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంటే ఉల్లీ వెల్లుల్లీ, బంద్. సంగటిలోకి పచ్చి ఎర్రగడ్డ కొరికితే తప్ప ముద్ద దిగని మా మామ, ఉత్త పప్పుతో తిని చేనికి పోయాడు. పాలవాడు బెల్లు కొట్టకూడదు. పాప ఏడిస్తే నాకు వినపడకూడదని మా అత్త దాన్ని చంకనేసుకొని వీధి చివరి దాకా నడిచేది. నలభై ఒక్క రోజుల లెక్క క్యాలెండరు మీద ఆమే పెట్టింది.

నాకు ఎంతో మేలు జరిగింది. సిగ్గుపడాల్సింది అక్కడే. సూర్యనమస్కారాలు పన్నెండుకు చేరాయి. ముక్కు ఒక్కో వైపు మూసి పీల్చి వదిలితే దడ తగ్గేది. తర్వాత కళ్లు మూసుకొని కూర్చునేదాన్ని. శబ్దాలు వస్తాయి, పోతాయి, ఏదీ పట్టుకోవద్దు అని మేడమ్ చెప్పేది. ఊళ్లో రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల షెడ్లలో ఉలి చప్పుడు మొదలయ్యేది, పోయేది. ఆర్టీసీ బస్సు హారన్ వచ్చేది, పోయేది. బయట మా అత్త పాపను ఎత్తుకొని అరుగు మీంచి లేస్తూ "అమ్మా" అని మూలిగేది. అది కూడా నేను పట్టుకోలేదు. బాగా చేస్తున్నానని లోలోపల సంతోషపడ్డాను కూడా.

ముప్పై నాలుగో రోజు పక్కింటి పెద్దమ్మ మళ్లీ మజ్జిగకు వచ్చింది. "మీ అత్త మొగోడు చెయ్యల్యాని పనికి పూనుకునింది గదమ్మే" అంది.

"ఏం పని?"

"నీకు జెప్పల్యా? నీ దీక్ష అయిపోయినంక దిగువ అహోబిలం నుంచి ఎగువకు చెప్పుల్యాకుండా నడిచొస్తానని మొక్కుకునింది. కోడలి మొక్కు చెల్లాలంట. ఆ కాళ్లతో!"

ఆ పెద్దమ్మ ఎదుటే నేను నిజం చెప్పేసి ఉండాల్సింది. మజ్జిగ పోసి పంపాను.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ధైర్యం రావడానికని ఇంకో పావుగంట ఎక్కువ కూర్చున్నాను. ధైర్యం రాలేదు, సిగ్గు మాత్రం కాస్త నెమ్మదించింది. ఊపిరి నిదానమయ్యేసరికి ఈ అబద్ధం పెద్దదేం కాదనిపించింది కూడా. ధ్యానాన్ని ఇలా కూడా వాడుకోవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. నాలుగో రోజు మా అత్త పెరట్లో స్టూలు మీద కూర్చొని మోకాళ్లకు ఆముదం రాసుకుంటోంది. ఆమె అరచెయ్యి కింద వాపు కదలడం కనిపించింది. చెప్పేశాను.

ఆమె చెయ్యి ఆగింది. "మొక్కు ల్యాదా?"

"లేదత్తా."

"మరి లోపల ఏం చేస్తాండావ్ ఇన్నాళ్లు?"

"ఊపిరి పీల్చి వదులుతానత్తా. కదలకుండా కూర్చుంటా. నాకు భయం ఎక్కువైంది ఇక్కడికొచ్చినాక. తలుపేసుకుంటానంటే ఏమనుకుంటారోనని..."

"అనుకుంటాంటి" అంది. "అనేదాన్ని గూడా. రెండు దినాలు అని ఊరుకుంటాంటి. దానికి దేవుని పేరు జెప్తావా?"

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. ఆముదం గిన్నె మూత పెట్టి అడిగింది. "భయం తగ్గిందా, ల్యాదా?"

"తగ్గింది."

"అదొకటి మంచిదాయ."

"నువ్వు నడవొద్దత్తా. దీక్షే లేదు గదా."

"నీది అబద్ధమైతాది గానీ, నాది ఎట్ల అబద్ధమైతాది? నేను నిజంగానే మొక్కుకుంటిని" అంది. "మీ మామకు జెప్పొద్దు. ఎర్రగడ్డ ల్యాకుండా తిన్నోడు, ఊరుకోడు."

నలభై రెండో రోజు పొద్దున్నే దిగువ అహోబిలంలో చెప్పులు విప్పాం. పాపను మా మామ దగ్గర వదిలి వచ్చాం. మా అత్త నన్ను చెప్పులు విప్పమనలేదు, నేనే విప్పాను. కొండ దారిలో మొదట్లో మాట్లాడుతూనే నడిచింది. తర్వాత పది అడుగులకోసారి ఆగింది. సగం దూరం పోయాక రోడ్డు పక్క బండ మీద కూలబడింది. పాదాలు ఎర్రగా కందిపోయాయి, కుడి మోకాలు చీర మీంచే ఉబ్బుగా తెలుస్తోంది. ఆటోలు పోతున్నాయి. నేను ఒకదాన్ని ఆపాను.

"నువ్వు ఇందులో పో అత్తా. నీ బదులు నేను నడిచొస్తా. స్వామికి నేను చెప్పుకుంటా."

"నీ మాట నమ్ముతాడా ఆయప్ప?" అంది.

కోపంగా అనలేదు, నిజంగానే అడిగినట్టు అంది. ఆటో అబ్బాయి మా ఇద్దరినీ చూసి వెళ్లిపోయాడు. ఆమె నా భుజం పట్టుకొని లేచింది. అక్కడి నుంచి పైదాకా ఆ చెయ్యి తీయలేదు. బరువు ఒక్కోసారి పూర్తిగా నా మీద పడేది.

గుడి మెట్ల దగ్గర నలుగురు ఆడవాళ్లు ఆమెను చూసి దారి ఇచ్చారు. గర్భగుడి ముందు పూజారి పళ్లెం అందుకొని గోత్రం అడిగాడు. మా అత్త చెప్పింది.

"ఎవరి పేరు మీదమ్మా?"

"మా కోడలి పేరు మీద సామీ. మండలం నిష్ఠగా కూర్చునింది" అని నా పేరు చెప్పింది.

"నక్షత్రం?"

పూజారి నా వైపు చూశాడు. నా నక్షత్రం నాకు తెలుసు, అయినా పక్కకు తిరిగాను. అది కూడా మా అత్తే చెప్పింది. ఆయన నా పేరుతో సంకల్పం చదువుతుంటే ఆమె ఒంటి కాలి మీద బరువు మోపి, కళ్లు మూసుకొని నిలబడింది. నేను మాత్రం కళ్లు మూసుకోలేకపోయాను. ఆమె పైట సర్దుతున్నట్టు ఆమె వెనక్కి జరిగి, స్వామికి కనబడకుండా హారతి అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను.